మా సెల్వం ఎక్కడ పుట్టాడంటే

మొన్న నేను చేసిన పని వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. మా ఆవిడ జ్యోతి రెండు నెలలుగా నవ్వుతూనే ఉంది. కాకపోతే ఒకటే షరతు. మధ్యలో ఎవరూ "అరే మురళీ భయ్యా, ముందు ఒక ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా" అనకూడదు. ఆ మాట ఇప్పటికే నాకు నాలుగు భాషల్లో చెప్పేశారు.

నా సంగతి మీకు తెలుసు. ఇరవై ఏడేళ్ళుగా ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో ఓడల టికెట్ కౌంటర్లో కూర్చుంటున్నాను. ఐలాండర్ కార్డు ఉన్నవాళ్ళకి, అంటే ఈ దీవుల వాళ్ళకి, ముందు సీటు. బయటివాళ్ళకి మిగిలితే సీటు. అందుకని ఎవరెవరివో కార్డులు పట్టుకుని ఎవరెవరో వస్తారు. ఒకాయన తమ్ముడి కార్డు తెచ్చాడు. ఫోటోలో మీసం లేదేమయ్యా అంటే మొన్ననే పెంచానన్నాడు. ఒకావిడ మాది పైన ఉత్తరాన డిగ్లీపూర్ అంది. డిగ్లీపూర్ బస్సు ఎక్కడ ఎక్కుతావమ్మా అని అడిగితే ఎయిర్‌పోర్టులో అంది. ఇలాంటివాళ్ళని పట్టుకుని పట్టుకుని నాకిదొక జబ్బైపోయింది. పాలు పోసేవాడు గుడ్ మార్నింగ్ అన్నా, ఈరోజే ఎందుకన్నాడా అని పాలు రెండుసార్లు చూసుకుంటాను.

ఇక మా చెల్లెలు పద్మ. అమెరికాలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. భర్త సెల్వం, అప్పటికి ఆరేళ్ళున్న కూతురు దివ్యతో పద్నాలుగేళ్ళ కిందట వెళ్ళింది. వెళ్ళిన ఏడాదికే ఆసుపత్రివాళ్ళు తన తరఫున గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెట్టారు. కాగితాలన్నీ ఓకే, ఇక వంతు రావడమే తరువాయి అన్నారు. ఆ వంతు పదమూడేళ్ళుగా వస్తూనే ఉంది.

నెలకోసారి అక్కడ వీసా బులెటిన్ అని ఒకటి వేస్తారట. ఏ తేదీన అప్లై చేసినవాళ్ళదాకా వంతు వచ్చిందో అందులో ఉంటుంది. పద్మ ప్రతి నెలా అది చూసి నాకు ఫోన్ చేసేది. ఈ నెల వారం కదిలింది అన్నయ్యా అనేది. ఇంకో నెల అసలు కదల్లేదు అనేది. ఒక నెల మాత్రం, ఏడాది వెనక్కి వెళ్ళింది అంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో లైన్లు చూశాను కానీ, నిలబడ్డవాళ్ళని నిలబెట్టి వెనక్కి నడిచే లైను నేనెప్పుడూ చూడలేదు.

ఎందుకలా అంటే, ఒక్కో దేశంలో పుట్టినవాళ్ళకి ఏడాదికి ఇంతకు మించి ఇవ్వకూడదని గీత గీశారట. పెద్ద దేశానికీ చిన్న దేశానికీ అదే గీత. మనవాళ్ళు ఎక్కువమంది కాబట్టి మన లైను పెరుగుతూ పోతుంది. ఆ గీత లేకపోతే ఒకటి రెండు దేశాలవాళ్ళే అన్నీ పట్టుకుపోతారని అక్కడివాళ్ళు కొందరంటారట. నాకు ఒళ్ళు మండిపోయింది. డిగ్లీపూర్‌కీ, యాభై గడపలు లేని దీవికీ సమానంగా సీట్లిస్తే ఊరుకుంటారా జనం, అద్దం పగలగొట్టరూ అన్నాను. పద్మ నవ్వి, "మరి నువ్వు కౌంటర్లో చేసేదేంటి అన్నయ్యా, ఎవరు ఎక్కడివాళ్ళో చూసే కదా సీటిస్తావు" అంది. అది వేరు అన్నాను. ఎలా వేరో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

సరే, నవ్వులు పక్కన పెట్టండి. ఈ ఏడాది పద్మ గొంతులో నవ్వు పోయింది. ఎందుకంటే దివ్యకి ఇరవై ఒకటి నిండబోతోంది. వంతు వచ్చేలోపు నిండిందంటే అమ్మానాన్నల ఫైల్లోంచి పిల్ల పేరు ఎగిరిపోతుంది. ఆ తర్వాత ఇంకేదో వీసా తెచ్చుకోవాలి, లేదా ఆ దేశం వదిలి రావాలి. ఆరేళ్ళప్పుడు వెళ్ళిన పిల్ల, దానికి ఇక్కడ నేను తప్ప ఎవరు తెలుసు? అప్పటికి పుట్టినరోజు ఇంకా రెండున్నర నెలలుంది. ఎప్పుడూ లేనిది ఆ ఇంట్లో ముగ్గురూ ఒక పుట్టినరోజుకి భయపడుతూ కూర్చున్నారు.

ఇప్పుడు సెల్వం గురించి చెప్పాలి. వీళ్ళ పెద్దవాళ్ళు ఎప్పుడో సిలోన్ టీ తోటల్లో పనికి వెళ్ళిన తమిళులు. రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని అలాంటి కుటుంబాలని వెనక్కి పంపితే, మన ప్రభుత్వం కొందరిని తెచ్చి ఇక్కడ కచాల్ దీవిలో రబ్బరు తోటలో పెట్టింది. అలా వచ్చినప్పుడు సెల్వం నాలుగు నెలల పసివాడు. అంటే పుట్టింది సిలోన్‌లో, ఇప్పటి మాటలో శ్రీలంకలో. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆయన కాగితాల్లో ఎక్కడా లేదు. ఎందుకు లేదంటే, నేను ఉండనివ్వలేదు.

పెళ్ళైన కొత్తలో పద్మకి చెన్నైలో ల్యాబ్ కోర్సులో సీటొచ్చింది. ఇద్దరూ ఓడలో వెళ్ళాలి. సెల్వంకి ఐలాండర్ కార్డు లేదు. నేనప్పుడు కౌంటర్లో కొత్తగా చేరాను, చుట్టాలందరిలో కార్డుల విషయం నాకంటే తెలిసినవాడు లేడని పేరు. కార్డు చూడటమే నా పని, ఇచ్చేది వేరే ఆఫీసు. కానీ ఎవరికిస్తారో నాకు తెలుసనే అనుకున్నాను. ఇక్కడ పుట్టాలి, అంతే. ఫారంలో జన్మస్థలం అన్న గడి దగ్గర సెల్వం శుభ్రంగా సిలోన్ అని రాయబోతుంటే పెన్ను లాక్కున్నాను. "పాగల్ హో క్యా? సిలోన్ అంటే నీకు కార్డిస్తారా, వెనక్కి ఓడెక్కిస్తారా?" అని నా చేత్తోనే పోర్ట్ బ్లెయిర్ అని రాసేశాను. కార్డు వచ్చింది. టికెట్ వచ్చింది. ఆ కార్డుని బట్టి మిగతా కాగితాలు వచ్చాయి, చివరికి పాస్‌పోర్టు కూడా. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఇక మొన్నటి కథ. శనివారం పొద్దున్న ఆస్టినాబాద్‌లో మా మేడ మీద ఎండుచేపలు తిరగేస్తున్నాను. ఫోన్ మోగింది. ప్లస్ వన్‌తో మొదలయ్యే నంబరు. ఎత్తితే ఒకమ్మాయి, శుభ్రమైన హిందీలో, తన పేరు నేహా అంది. పద్మవాళ్ళ లాయరు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానంది. నాకు అక్కడే మొదటి గంట కొట్టింది. అమెరికా లాయరు ఆఫీసుకి హిందీ ఎందుకు?

"అంకుల్, సెల్వం జీ కా జనమ్ సిలోన్ మే హువా థా నా?" అంది.

చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆ వారమంతా మా ఆఫీసులో ఒకటే పుకారు, పాత కార్డులన్నీ మళ్ళీ తిరగేస్తున్నారని, తప్పుడు వివరాలిచ్చినవాళ్ళనీ ఇప్పించినవాళ్ళనీ పట్టుకుంటారని. ఇప్పించినవాళ్ళు అన్న మాట దగ్గర నాకు నిద్ర పట్టడం మానేసింది. రిటైర్మెంటుకి నాలుగేళ్ళుంది. సరిగ్గా ఇప్పుడే ఒకమ్మాయి, నేను ఇరవై నాలుగేళ్ళ కిందట రాయనివ్వని ఒక్క మాటని పట్టుకుని అడుగుతోంది. లాయరూ కాదు, అమెరికా కాదు. ఇది విజిలెన్స్ వాళ్ళ పనే అని తేల్చేసుకున్నాను.

"లేదమ్మా, ఇక్కడే పుట్టాడు, పోర్ట్ బ్లెయిర్లో" అన్నాను. నిజంగానా అంకుల్ అంది. పక్కా అన్నాను. ఆ అమ్మాయి గొంతు కొంచెం దిగిపోయినట్టు అనిపించింది. దొరకలేదని బాధ అనుకున్నాను. ఆయన పుట్టిన చోటు తెలిసిన బంధువులు అఫిడవిట్ ఇవ్వాలి, మీకు తెలిసింది రాసిస్తారా అని అడిగింది. ఇవ్వనంటే అనుమానిస్తారు కదా. సోమవారమే ఇస్తానన్నాను.

ఫోన్ పెట్టి చూస్తే వాట్సాప్‌లో పద్మ వాయిస్ మెసేజి ఉంది. ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది, ఈయన పుట్టిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పు అన్నయ్యా, అర్జెంటు, నాకు డ్యూటీ, రెండ్రోజులు ఫోనుకి దొరకను అని. అంతే, అర నిమిషం కూడా లేదు. మూడుసార్లు విన్నాను. గొంతు పద్మదే. కానీ ఈ మధ్య గొంతులు కూడా కంప్యూటర్లో తయారుచేస్తున్నారని మీరే కదా చెప్పారు. పద్మ ఎలా మాట్లాడుతుందో నాకు తెలీదా? ముందు తిన్నావా అంటుంది, తర్వాత ఏం తిన్నావు అంటుంది, తర్వాత తను ఏం వండిందో చెబుతుంది, పావుగంటకి గానీ విషయానికి రాదు. తిన్నావా అనకుండా నేరుగా పనిలోకి దిగిన పద్మ ఈ భూమ్మీద లేదు. తిరిగి ఫోన్ చేశాను. స్విచ్డ్ ఆఫ్. అనుమానం కాస్తా గట్టిపడిపోయింది.

జ్యోతి అంది, రెండ్రోజులాగి పద్మతో మాట్లాడి రాయొచ్చు కదా అని. ఆగడమే వాళ్ళకి కావాలి, ఆగినవాడే దొరికిపోతాడు అన్నాను. ఇరవై ఏడేళ్ళు జనాన్ని పట్టుకున్నవాణ్ణి, నన్ను పట్టుకుంటారా?

సోమవారం సెలవు పెట్టి నోటరీ దగ్గరికి వెళ్ళాను. పనిలో పనిగా గట్టిగా ఉండాలి కదా అని అఫిడవిట్ నేనే చెప్పి రాయించాను. సదరు సెల్వం పోర్ట్ బ్లెయిర్లోనే పుట్టాడు, ఇది నాకు స్వయంగా తెలుసు, పుట్టిన రోజున ఆ బిడ్డని నేను కళ్ళారా చూశాను. అతనికి గానీ అతని వంశంలో ఎవరికి గానీ సిలోన్‌తో ఏ సంబంధమూ లేదు. నోటరీ కళ్ళజోడు మీదుగా చూసి, ఆ రోజు మీ వయసెంత అన్నాడు. ఐదేళ్ళు అన్నాను. గుర్తుందా అన్నాడు. నా జ్ఞాపకశక్తి మా ఆఫీసులో అడగండి అన్నాను. స్టాంపు వేశాడు. స్కాన్ చేసి నేహాకి మెయిల్ కొట్టేశాను.

అక్కడితో ఆగితే నేను మురళిని ఎందుకవుతాను? సెల్వంకి ఒక అక్క ఉంది, సరస్వతి దీదీ. డిగ్లీపూర్‌లో ఇచ్చారు, అక్కడే వ్యవసాయం. తన నోరు జారితే నా అఫిడవిట్ బెడిసికొడుతుంది. అందుకని ఫోన్ చేసి చెప్పాను. "దీదీ, ఎవరైనా సిలోన్ గురించి అడిగితే ఏమీ తెలీదను. వెంటనే ఫోన్ కట్ చెయ్. నా గొంతుతో అడిగినా సరే చెప్పొద్దు, ఈ మధ్య గొంతులు కూడా తయారుచేస్తున్నారు" అన్నాను. పాపం, ఆవిడ ఎందుకని కూడా అడగలేదు. జీ భయ్యా అంది. ఆ రోజు నేను అన్నం రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

మంగళవారం పొద్దున్న పద్మ ఫోన్ చేసింది. "తిన్నావా అన్నయ్యా" అంది. హమ్మయ్య, అసలు పద్మ దొరికింది అనుకుని జరిగిందంతా చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. తను చెప్పనివ్వలేదు.

"నువ్వు పంపింది చదివాను" అంది.

అప్పుడు చెప్పింది. ఆ నెలలోనే లాయర్ని మార్చారట. కొత్తాయన మాటల్లో మాటగా మీ ఆయన కుటుంబం ఎక్కడిదని అడిగితే, సిలోన్ నుంచి వచ్చారని పద్మ చెప్పింది. పుట్టింది కూడా అక్కడేనా అని ఆయన కుర్చీలో ముందుకి జరిగాడట. రూలు ఏంటంటే, భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఇద్దరూ ఆ దేశం లైన్లో నిలబడొచ్చు. సెల్వం శ్రీలంకలో పుట్టాడని రుజువు చేస్తే వీళ్ళు ఇండియా లైన్లో ఉండక్కర్లేదు.

"ఆ లైన్లో మా వంతు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది అన్నయ్యా. కాగితం చూపిస్తే రేపే ఫైలు వేసుకోవచ్చు. దివ్య పుట్టినరోజు లోపు" అంది.

ఈ రూలు ఎప్పుడొచ్చింది అని అడిగాను. నాకు అప్పటికీ ఒక ఆశ, ఈ మధ్యే వచ్చి ఉంటుందని.

"మొదటినుంచీ ఉంది. పాత లాయరు పాస్‌పోర్టు చూశాడు. అందులో పోర్ట్ బ్లెయిర్ అని ఉంది. ఇంకేమీ అడగలేదు."

పాస్‌పోర్టులో అలా ఎందుకుందో తను అనలేదు. అనక్కర్లేదు కదా. పదమూడేళ్ళు. ప్రతి నెలా ఆ బులెటిన్. మా నాన్న పోయినప్పుడు కూడా, దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో అని పద్మ రాలేదు, ఫోన్‌లోనే ఏడ్చింది. ఇంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు.

సరస్వతి దీదీ దగ్గర సిలోన్ నుంచి వచ్చినప్పుడు ఇచ్చిన కుటుంబం కాగితం ఉంది, అది కావాలి, పుట్టినప్పుడు చూసింది కాబట్టి దీదీ అఫిడవిట్ కావాలి అంది పద్మ. సెల్వం ఫోన్ చేసినా, నేహా మూడుసార్లు చేసినా దీదీ సిలోన్ మాట వినగానే కట్ చేసేస్తోందట, ఎందుకో అర్థం కావట్లేదు అంది. నాకు అర్థమైంది. నేనూ ఫోన్ చేశాను. నాదీ కట్ చేసింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి దొరకడం కూడా ఒక్కోసారి చిక్కే.

ఇక ఏం చేస్తాను, మర్నాడు తెల్లారకముందే లేచి డిగ్లీపూర్ బస్సెక్కాను. అడవి దారి కాబట్టి బండ్లన్నీ ఒకేసారి గుంపుగా వదిలేదాకా చెక్‌పోస్టు దగ్గర ఆగడం, పంటు మీద బస్సుతో సహా క్రీక్, అంటే సముద్రపు పాయ, దాటడం, మళ్ళీ ఎక్కడం. పొద్దంతా ఊగి ఊగి దిగేసరికి నడుము నాది కాదు. దీదీ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, దీదీ, సిలోన్ కాగితం కావాలి అన్నాను.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. సెల్వం పోర్ట్ బ్లెయిర్లోనే పుట్టాడు అంది. అయ్యో దీదీ, నేనే కదా అలా చెప్పమన్నది, ఇప్పుడు నేనే వద్దంటున్నాను అన్నాను. "ఆప్ హీ బోలే థే, ఆప్ కీ ఆవాజ్ మే భీ కోయీ పూఛే తో నహీ బతానా" అంది. గొంతు సంగతి సరే, మనిషినే వచ్చాను కదా అన్నాను. మనిషివి వచ్చావు, వెనక ఎవరున్నారో అని మెడ సాచి రోడ్డు వైపు చూసింది. నాతోపాటు బస్సు దిగి అటే నడుస్తున్న ఓ పెద్దమనిషి గొడుగు సర్దుకుంటూ నిలబడ్డాడు. అతను పోలీసు కాదని నేను ఒట్టేసి చెప్పాల్సి వచ్చింది. అతనూ చెప్పాడు, పాపం.

ఆఖరికి ఆవిడ ఒక పరీక్ష పెట్టింది.

"పద్మ పెళ్ళిలో నీ పంచె ఏమైంది?"

అటూ ఇటూ చూశాను. గొడుగాయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఊడిపోయింది దీదీ."

"ఎక్కడ?"

"మండపంలో. అందరి ముందూ."

"లోపలికి రా, టీ పెడతాను" అంది.

కాగితం ఇనప్పెట్టెలో పెళ్ళి చీర మడతల్లో ఉంది. అంచులు విరిగిపోతున్న ఒక పాత ఫారం, అందులో అమ్మ పేరు, నాన్న పేరు, తొమ్మిదేళ్ళ సరస్వతి, చివర్న వయసు నాలుగు నెలలు అని సెల్వం, పక్కన పుట్టిన తోట పేరు. దీదీ దాన్ని ముట్టుకోకుండా చూపించింది. వాడు పుట్టినప్పుడు వేడినీళ్ళు కాచింది నేనే, ఓడలో అమ్మకి వాంతులైతే దారంతా వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే అంది. ఇన్నేళ్ళూ ఆ ఊరి పేరు చెబితే ఏదో అయిపోతుందని నోరు మూసుకున్నాం భయ్యా, ఇప్పుడు ఆ పేరు వల్లే మా దివ్యకి మంచి జరుగుతుందా అంది. టీ తాగుతున్నట్టు తల దించుకున్నాను.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి వచ్చాం. మళ్ళీ అదే నోటరీ. దీదీ చెప్పింది చెప్పినట్టు రాశాడు. రాసి, నా వైపు తిరిగి, ఈ పుట్టుక కూడా మీరు కళ్ళారా చూశారా అన్నాడు. లేదండీ, ఈసారి చూసినవాళ్ళనే తెచ్చాను అన్నాను.

అంతటితో అయిపోలేదు. లాయరు నా దగ్గర్నుంచి ఇంకో కాగితం అడిగాడు. పాస్‌పోర్టులో పోర్ట్ బ్లెయిర్ అని ఎలా వచ్చింది, మొన్న నువ్వు అలా ఎందుకు రాశావు, రెండూ ఒప్పుకుంటూ ప్రమాణం చేసి రాయాలి. జ్యోతి మొదటిసారి నవ్వడం ఆపింది. అది మీ ఆఫీసుకి తెలిస్తే అంది. తెలియడమెందుకు, నేనే చెప్పేస్తాను అన్నాను. ధైర్యం కాదండీ. ఎవరో పట్టుకుంటారేమో అని ఎదురుచూసే ఓపిక ఇక నాకు లేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని మా సూపరింటెండెంట్ మండల్ సార్ గదిలోకి వెళ్ళాను. బెంగాలీ ఆయన, మా ఆఫీసుకి వచ్చేముందు కార్డులిచ్చే ఆఫీసులోనే చాలా ఏళ్ళు చేశాడు. నిలబడే మొత్తం చెప్పాను. రాజీనామా అంటారేమో అని ఇంట్లో ఒక కాగితం రాసి జేబులో కూడా పెట్టుకున్నాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు. "కచాల్ సెటిల్‌మెంట్ ఫ్యామిలీ?"

"జీ సార్."

"సర్కారే తెచ్చి ఇక్కడ బసాయించిన కుటుంబం. వాళ్ళకి కార్డు ఎలాగూ వస్తుంది మురళీ. పుట్టింది ఎక్కడని కాదు చూసేది. నువ్వు సిలోన్ అని రాసినా ఆ కార్డు వచ్చేది."

ఇంకోసారి చెప్పమని అడిగాను. ఆయన ఇంకోసారి చెప్పాడు. తప్పు రాసినందుకు ఒక మెమో వస్తుంది, జవాబివ్వు, భయపడకు అని కూడా అన్నాడు. మెమో సంగతి నాకు సరిగా వినపడలేదు. ఆ రోజు సెల్వం చేతిలోంచి పెన్ను లాక్కోకుండా ఉంటే చాలు. కార్డు వచ్చేది, టికెట్ వచ్చేది, పాస్‌పోర్టులో సిలోన్ అని ఉండేది, మా పద్మ ఆ లైన్లో పదమూడేళ్ళు నిలబడేదే కాదు. బయట బెంచీ మీద కూర్చుంటే ప్యూన్ నీళ్ళు తెచ్చిచ్చాడు. ఎందుకిచ్చాడా అని ఆ ఒక్కరోజు అనుమానించలేదు.

ఇంటికొచ్చి లాయరుకి నాలుగు పేజీలు రాశాను. కౌంటరు, పుకార్లు, ఎండుచేపలు, గొంతులు తయారుచెయ్యడం, అన్నీ వివరంగా. మర్నాడు నేహా ఒక్క పేరా టైపు చేసి పంపింది. కింద ఒక మనవి. అంకుల్, ప్లీజ్, చుక్కల గీత ఉన్నచోట సంతకం పెట్టండి, ఇంకేమీ రాయకండి. జ్యోతి పక్కన నిలబడి సంతకం అవ్వగానే పెన్ను తీసేసుకుంది.

దివ్య పుట్టినరోజుకి ఇంకా పంతొమ్మిది రోజులుందనగా ఫైలు పడింది. పిల్ల పేరు అందులోనే ఉంది, ఇక వయసు పెరిగినా ఎగిరిపోదట. కార్డు చేతికొచ్చేదాకా నేను నమ్మను, అది వేరే విషయం. పద్మ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది, సంతోషంగానే. మధ్యలో ఒక మాట అంది. వాళ్ళ ల్యాబ్‌లోనే గుంటూరు నుంచి వచ్చిన రమ అనే ఆవిడ ఉందట, ఒకే వారంలో ఇద్దరూ అప్లై చేశారు, ఒకటే పని, ఒకటే బల్ల. "నాకు మొగుడు సముద్రం అవతల పుట్టాడు కాబట్టి బయటపడ్డాను. రమ మొగుడు తెనాలిలో పుట్టాడు. దాని మొహం ఎలా చూడను అన్నయ్యా?" అంది. ఏ రూలు న్యాయమో చెప్పడానికి నేనెవణ్ణి, గుమస్తాని.

ఫోన్ పెట్టేముందు ధైర్యం చేసి అడిగాను, నా మీద కోపం ఉందా అమ్మా అని. ఉంటుంది కదా, ఒక్కసారి తిట్టేస్తే నాకు తేలికగా ఉంటుంది అని.

పద్మ ముక్కు చీదింది. "పదమూడేళ్ళు నెలనెలా ఆ బులెటిన్ చూసి తిట్టుకునేదాన్ని అన్నయ్యా. అమెరికాని తిట్టాలో, ఇండియాని తిట్టాలో, ఆ గీత గీసినవాణ్ణి తిట్టాలో తెలిసేది కాదు. ఇన్నాళ్ళకి పేరు, అడ్రసు దొరికాయి" అంది.

అప్పట్నుంచి రోజూ డ్యూటీ దిగగానే ఫోన్ చేసి అరగంట తిడుతోంది. నేను మేడెక్కి, బుద్ధిగా నిలబడి వింటున్నాను. ఈ లైన్లో మాత్రం నా ముందు ఎవరూ లేరు.